రాణి చావని నాటకం

కోదండం లెక్కలో ఈ లోకంలో ఉత్త వస్తువంటూ ఏదీ లేదు. చెంబు ఉత్త చెంబు కాదు, చీపురు ఉత్త చీపురు కాదు, ఆఖరికి కాలిలో దిగిన ముల్లు కూడా ఉత్త ముల్లు కాదు. ప్రతిదాని వెనకా ఒక అర్థం దాక్కుని ఉంటుంది. దాన్ని మెడపట్టి బయటికి లాగి నలుగురి ముందూ నిలబెట్టడానికే దేవుడు తనను తిరుపతిలో పుట్టించాడని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతో కాపురం చేసే పనిని మాత్రం దేవుడు వనజాక్షి నెత్తిన పెట్టాడు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె మొట్టమొదట పెట్టిన చారులో ఉప్పు లేదు. విస్తరి ముందు కూర్చున్న మొగుడు ఒక గుక్క మింగి కళ్ళు మూసుకున్నాడు.

"మర్చిపోయినానండీ, ఇప్పుడే తెస్తా..."

"మర్చిపోవడం కాదు వనజా. ఇది ఉత్త చారు కాదు. పుట్టింటి మీద నీకుండే బెంగ ఇది. ఉప్పంతా ఆడనే వదిలిపెట్టి వచ్చినావు. వచ్చే నెల ఒకసారి పోయి తెచ్చుకుందువులే."

ఆ ఉప్పులేని చారు చివరి చుక్క దాకా తాగి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. తనను కట్టుకున్నవాడికి మతి సరిగా లేదనుకుని ఆమె వంటింట్లో కూర్చుని కాసేపు ఏడ్చింది. తరువాత ఏమనుకుందో, నవ్వుకుంది.

ఆయనకు గోవిందరాజస్వామి గోపురానికి దగ్గర్లో ఇత్తడి పాత్రల కొట్టు ఉండేది. వెనక ఇల్లు, ముందర కొట్టు. కొండ దిగివచ్చిన గుండ్లవాళ్ళు ఇంటికి గుర్తుగా ఏదో ఒక పాత్ర కొనుక్కుని పోతారు కాబట్టి వ్యాపారం దానంతటది నడవాలి. కోదండమే దాన్ని నడవనిచ్చేవాడు కాదు.

"ఆ చెంబొకటి ఇట్లియ్యప్పా," అంటాడు గూడూరు ఆసామి ఒకడు.

"చెంబా? దాన్ని సరిగ్గా సూసినావా అబ్బా? మూతి చిన్నది, కడుపు పెద్దది. ఎందుకట్ల చేసినారు? తక్కువ మాట్లాడు, ఎక్కువ ఓర్చుకో అని నీకు చెప్తా ఉండాది."

"చెప్తే చెప్పనీలేప్పా. ఇంటికి తీసకపోయి తీరిగ్గా వింటా. రైలుకు టైమయితా ఉండాది, ఇయ్యి."

"రైలంటే గుర్తొచ్చె. రైలు దేనికి గుర్తో తెలుసునా నీకు?"

ఆసామి చెంబు లేకుండానే స్టేషను వైపు పరుగెత్తేవాడు.

ఈ జబ్బు ఆయనకు నాటకం నుంచి అంటుకుంది. ఏటా గంగ జాతర వారంలో ఆ వీధి సమాజం వాళ్ళు 'రాణి హేమవతి' అనే విషాద నాటకం ఆడేవాళ్ళు. చాడీలు నమ్మిన రాజు ఒక్కగానొక్క కొడుకును యుద్ధానికి తోలేస్తాడు. రాణి అంతఃపురం కిటికీలో ఒక తూగుదీపం వేలాడదీసి, కొడుకు కోసం కాచుకుంటుంది. చివరి రంగంలో కొడుకు పోయాడని దూత వచ్చి చెప్తాడు. దీపం దానంతటదే ఆరిపోతుంది. రాణి కూలిపోతుంది. రాజు కిరీటం తీసి ఆమె కాళ్ళ దగ్గర పెట్టి పద్యాల మీద పద్యాలు ఏడుస్తాడు. ఇదీ కథ. దీన్ని రాసిన చిత్తూరు పెద్దాయన, కోర్టులో గుమాస్తా, తాను పోయేముందు కుర్రకోదండాన్ని పిలిచి, "నా నాటకంలో ఉత్తినే పెట్టింది ఏదీ లేదురా. పగిలిన అద్దం రాజు బుద్ధి. వాడిన మల్లెలు రాణి సుఖం. దీపం బిడ్డ ప్రాణం," అని చెప్పాడట. పాపం ఆయన చెప్పింది ఒక్క నాటకం గురించి. కోదండం దాన్ని భూలోకమంతటికీ వర్తింపజేశాడు.

మొదట ఆయనకు భటుడి వేషం ఇచ్చారు. పొట్టలో ఈటె దిగిన తరువాత కింద పడి చావకుండా, ఈటె దేనికి గుర్తో జనానికి చెప్పడం మొదలుపెట్టాడు. పొడిచినవాడికి పిచ్చెక్కి మళ్ళీ పొడిచాడు. అయినా చావలేదు, చెప్పడం పూర్తి కాలేదని. దాంతో ఆయన్ను రంగు వేసిన గుడ్డగోడ వెనక నిలబెట్టి, సరైన సమయానికి దీపం ఆర్పే పని అప్పగించారు. కిటికీ పక్కన గుడ్డకు చిన్న చిల్లి. ఆ చిల్లిలో ఊదుగొట్టం పెట్టి 'ఉఫ్' మనాలి. అంతే పని.

ఆ ఊదుగొట్టం వనజాక్షి వంటింటిది. నాటకం నాడు ఆమె పొయ్యి ముందు బోర్లా పడుకుని, కళ్ళ నీళ్ళు కారుతుంటే నోటితో ఊదుకోవలసి వచ్చేది.

"దాన్ని ఆడ పెట్టి పోండి. పొయ్యి రాజుకోవడం లేదు."

"ఇది ఉత్త ఊదుగొట్టం కాదు వనజా. విధి."

"సరే, ఆ విధినే వండుకోని తినండి సాయంత్రం."

గోడ వెనక పెట్టినా ఆయన ఊరుకున్నాడా? ప్రతి రంగానికీ ముందు తెర సందులోంచి తలకాయ బయట పెట్టేవాడు. "అయ్యలారా, అమ్మలారా! ఇప్పుడు రాబోయే అద్దం ఉత్త అద్దం కాదు!"

"తెలుసులేవయ్యా! రాజు బుద్ధి! తలకాయ లోపలికి పెట్టుకో!" అని జనం ఒకే గొంతుతో అరిచేవాళ్ళు. చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి నుంచి బండికట్టే ముసలాయన వరకు ఆ వీధిలో అందరికీ అద్దం, మల్లెలు, దీపం కంఠతా వచ్చేశాయి.

అన్నిటికీ అర్థం చెప్పే ఆ మనిషి తన ఇంట్లో ఒక్క వస్తువు జోలికి మాత్రం పోలేదు. నడవ దూలానికి ఒక ఇనప కొక్కెం ఉండేది. ఒకప్పుడు దానికి ఉయ్యాల తూగింది. కొన్నాళ్ళే తూగింది. ఉయ్యాల తీసి అటక మీద పెట్టారు, కొక్కెం అట్లాగే ఉండిపోయింది. ఊడబెరకడానికి ఆయనకు చెయ్యి రాలేదు. ఊడబెరకమనడానికి ఆమెకు నోరు రాలేదు. ఎవరైనా చుట్టాలు వచ్చి పైకి చూస్తే, ఆయన గబగబా తలుపు గొళ్ళెం దగ్గరికి నడిచి, గొళ్ళెం దేనికి గుర్తో చెప్పడం మొదలుపెట్టేవాడు.

ఇంతలో యుద్ధం వచ్చింది. కిరసనాయిలుకు కరువొచ్చింది, ఇత్తడికి కరువొచ్చింది, కోదండం అర్థాలకు మాత్రం కరువు రాలేదు. వీధి చివర ఇడ్లీలమ్మే చెంగమ్మకు ఒక్కడే కొడుకు, ధనంజయ. మిలిటరీలో చేరి బర్మా వైపు పోయాడు. మొదట్లో కార్డు ముక్కలు వచ్చేవి. తరువాత ఆగిపోయాయి. చెంగమ్మ పొద్దున్నే ఇడ్లీల గంప దించి కొట్టు మెట్టు మీద కూర్చునేది.

"అన్నా, ఈ పొద్దు ఇడ్లీలు రాళ్ళమాదిరి వచ్చినాయి. మనసుకు ఏమో మాదిరిగా ఉండాది."

కోదండం ఒక ఇడ్లీ తీసుకుని గోడకేసి తట్టి చూసేవాడు. "ఇది ఉత్త ఇడ్లీ కాదు చెంగమ్మా. ధనంజయ గట్టిగా ఉండాడని అర్థం."

మర్నాడు పాలు పొంగాయని వచ్చేది. అంటే వాడు కడుపునిండా తింటున్నాడన్నమాట. ఇంకోనాడు పాలు విరిగాయని వచ్చేది. అంటే శత్రువు నడుం విరిగిందన్నమాట. గంప కింద పెట్టుకునే గుడ్డచుట్ట చిరిగితే వాడి బూట్లు పాతవైపోయి కొత్తవి ఇచ్చారన్నమాట. చెంగమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, గంప ఎత్తుకుని, "ఇడ్లీయ్!" అని అరుచుకుంటూ పోయేది. ఆ అరుపులో మళ్ళీ బలం ఉండేది. "పొద్దున్నే బోణీ లేదు గాని బోధలకు తక్కువ లేదు," అని వనజాక్షి లోపల్నుంచి గొణిగేది.

ఆ యేడు జాతర దగ్గర పడ్డాక చెంగమ్మ ఒకనాడు గంప దించకుండానే నిలబడింది.

"అన్నా, ఒక మాట. నాటకంలో దీపం బిడ్డ ప్రాణమని నువ్వే చెప్తివి గదా."

"చెప్పినా."

"ఈ యేడు గూడా ఆరిపోతాదా?"

కోదండం వరసగా పేర్చిన చెంబుల వైపు చూశాడు, బిందెల వైపు చూశాడు. ఒక్కటీ ఆదుకోలేదు.

"అది... అది ఉత్త నాటకం చెంగమ్మా."

"ఉత్తదేదీ ఉండదని నువ్వే అంటివి." చెంగమ్మ గంప చంకకు మార్చుకుంది. "ముందర వరసలో కూర్చుంటా నేను. సూస్తా. ఏదో ఒకటి తెలిసిపోనీ అన్నా. ఇట్ల ఉండలేకపోతా ఉండా."

తలుపు వెనక నిలబడ్డ వనజాక్షి అంతా విన్నది. ఆ పూట వంటలో ధ్యాస నిలవలేదు. చారు పోశాక గాని గుర్తు రాలేదు.

"ఉప్పెయ్యలేదండీ," అంది.

"ఊ."

"ఏమిటికి గుర్తు?"

"ఏమిటికీ కాదు. నువ్వు మర్చిపోయినావు."

వనజాక్షికి భయమేసింది. మొగుడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు.

సాయంత్రం ఆయన రాజారత్నం దగ్గరికి పోయాడు. రాజారత్నానికి స్టేషను దగ్గర కాఫీ హోటలు. సమాజానికి ఆయనే పెద్ద, నాటకంలో ఆయనే రాజు.

"అప్పా, ఈ యేడు దీపం ఆర్పకుంటే ఏమి?"

"ఆర్పకుంటే రాణి యెట్ల సస్తాది?"

"సావకుంటే ఏమి?"

"సావకుంటే నేను యెట్ల యేడ్చాల?" రాజారత్నం కాఫీ తిరగబోయడం ఆపేశాడు. "జనం వచ్చేదే నా యేడుపు సూడ్డానికి. విషాద నాటకమప్పా ఇది! పెద్దాయన రాసినాడు, ఆరాల్సిందే."

"ఊదేది నేను గదా."

"నువ్వు ఊదకుంటే ఊదే నోళ్ళే లేవా తిరుపతిలో? పోయి నిద్రపో."

కిరసనాయిలు దొరక్క ఆ యేడు పెట్రోమాక్సు లైట్లు లేవు. అందుకని నాటకం పట్టపగలు, తాటాకు పందిట్లో ఆడారు. ఎండ మాడిపోతోంది. రాణి హేమవతి వేషం టైలరు వరదయ్యది. ఏటా ఆ ఒక్కరోజు కోసం మీసం తీసేసి, జాతర అయ్యాక మీసం వచ్చేదాకా భార్యకు మొహం చూపించకుండా తిరిగే మనిషి. జరీచీరలో ఆయన చెమటకు తడిసి ముద్దయిపోయాడు. చెంగమ్మ అన్నట్టే ముందు వరసలో కూర్చుంది. వనజాక్షి ఆమె పక్కనే చోటు చేసుకుంది.

అద్దం వచ్చింది. పగిలింది. తెర సందులోంచి తలకాయ రాలేదు. మల్లెలు వచ్చాయి. వాడాయి. తలకాయ లేదు. జనానికి ఏదో వెలితిగా అనిపించింది.

"ఏమప్పా కోదండం! ఈ యేడు మల్లెలు ఉత్త మల్లెలేనా?" అని ఎవరో అరిచారు.

చివరి రంగం వచ్చింది. దూత పరుగెత్తుకొచ్చి రాణి కాళ్ళ మీద పడ్డాడు. "మహారాణీ! యువరాజులవారు ఇక లేరు!"

వరదయ్య రెండు చేతులూ పైకెత్తి కిటికీ వైపు తిరిగాడు. "ఆరిపోయితివా దీపమా!"

దీపం నిక్షేపంగా వెలుగుతోంది.

చెంగమ్మ గోళ్ళు వనజాక్షి ముంజేతిలో దిగబడ్డాయి.

"ఆరిపోవుచుంటివా దీపమా!" అన్నాడు వరదయ్య, కాస్త సర్దుకుని. దీపం ఇంకొంచెం నిటారుగా నిలబడింది. "ఆరిపోవనున్నావా దీపమా!" అని ఇంకో మెట్టు దిగాడు. లాభం లేదు. గుడ్డగోడకు చెవి ఆనించి, గుసగుసలాడుతున్నాననుకుని అందరికీ వినబడేట్టుగా అన్నాడు: "ఊదన్నా!"

"ఊదను."

"సీరలో ఉడికి సస్తా ఉండానన్నా, ఊదు!"

"సావబాక. ఈ యేడు నీకు సావు లేదు."

పందిరి ఘొల్లుమంది. రాజారత్నం కోపం ఆపుకోలేక, తన వంతు రాకముందే కిరీటంతో సహా దూకి వచ్చాడు. తానే ఆర్పేద్దామని దీపం ముందు నిలబడి బుగ్గలు పూరించాడు. అంతలో పక్క చిల్లిలోంచి ఊదుగొట్టం మూతి బయటికి వచ్చి, అటూ ఇటూ వెతికి, రాజుగారి మొహానికి గురిపెట్టి 'ఉఫ్' మంది. వనజాక్షి పొయ్యి బూడిద అందులో ఎన్నాళ్ళ నుంచి పేరుకుందో ఆమెకే తెలుసు. రాజుగారు నిలువునా విభూది పూసుకున్న బైరాగి అయ్యారు.

అప్పుడే ఒక గాలి కొట్టింది. పందిరి ఆకులు గలగలమన్నాయి. దీపం వాలింది, సన్నగా అయిపోయింది. నవ్వులు ఆగిపోయాయి. చెంగమ్మ ఊపిరి ఆగినట్టు వనజాక్షికి తెలిసింది.

చర్రుమని గుడ్డ చినిగింది. అంతఃపురం గోడలోంచి కోదండం బయటికి వచ్చి పడ్డాడు. రెండు అరచేతులూ దీపానికి అడ్డంపెట్టి, అది మళ్ళీ నిలబడేదాకా కదలకుండా నిలుచున్నాడు. అరచేతులు కాలుతున్నా తీయలేదు. ఆ తరువాత జనం వైపు తిరిగాడు.

"అయ్యలారా, అమ్మలారా!"

లోపలికి పొమ్మని ఈసారి ఎవ్వరూ అనలేదు.

"ఒరే దూతా! నువ్వు యుద్ధం కాడికి పోయినావా?"

దూత వేషం వేసిన మనిషి బిక్కమొహం వేశాడు. "యాడికి పోయినానన్నా? తెర ఎనకాలనే ఉంటి గదా."

"యువరాజు పీనుగను సూసినావా?"

"సూళ్ళేదన్నా."

"ఈడికొచ్చే దోవలో తిరుచానూరులో భోంచేసి, చెట్టుకింద నిద్రపోయి లేసి వచ్చినావు. సూడనోడివి, సచ్చినాడని యెట్ల చెప్తావు? ఇనుకోండమ్మా అందరూ. కబురు రాకుంటే కబురు రాలేదని అర్థం. అంతే. దానెనక ఇంకే అర్థమూ లేదు. నేను చెప్తా ఉండా. అన్నిటికీ అర్థాలు చెప్పే కోదండాన్ని, నేను చెప్తా ఉండా. అది ఉత్త కబురు రాకపోవడమే!"

అప్పుడు చెంగమ్మ ముక్కు చీది, ఇడ్లీలమ్మే గొంతుతో కేక పెట్టింది. "అట్ల చెప్పన్నా!"

పందిరి ఎగిరిపోయేట్టు చప్పట్లు మోగాయి. కొడుకులను యుద్ధానికి పంపిన ఇళ్ళు ఆ జనంలో ఇంకా ఉన్నాయి. సగం చచ్చి నేలమీద కూర్చున్న వరదయ్య, "అయితే నేను లేసేదా?" అని అడిగి లేచి చీర దులుపుకున్నాడు. బూడిద మొహంతో రాజారత్నానికి ఏం చేయాలో తోచలేదు. ఏడుపు పద్యాలు తప్ప ఇంకొకటి రాదు. చివరికి వాటినే సంతోషంగా పాడేశాడు. జనం 'వన్స్ మోర్' అన్నారు. ఇన్నేళ్ళ ఏడుపులో ఆయనకు ఎన్నడూ దొరకని వన్స్ మోర్ అది. దాంతో కోపం ఎటు పోయిందో పోయింది.

ఆ సాయంత్రం వనజాక్షి మొగుడి అరచేతులకు వెన్న రాస్తూ కూర్చుంది. ఉప్పులేని చారు గుర్తొచ్చింది. రాయిలాంటి ఇడ్లీ, విరిగిన పాలు గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళలో ఈ మనిషి ఇంట్లో గాని, వీధిలో గాని దేనికైనా ఒక్క చెడ్డ అర్థం చెప్పాడా అని వెతికి చూసింది. ఒక్కటీ దొరకలేదు. చెడ్డ అర్థాలన్నీ స్టేజీ మీద వదిలిపెట్టి, మంచివి మాత్రమే మూటగట్టుకుని మనుషుల దగ్గరికి వచ్చేవాడు. ఆ కొక్కేనికి మంచి అర్థం దొరకలేదు. అందుకే నోరు మూసుకున్నాడు.

"పెద్దాయన ఆత్మ బాధపడతా ఉంటాది వనజా. ఆయన నాటకాన్ని నాశనం చేసినా," అన్నాడు కోదండం దిగులుగా.

"పడనీండి. మీరు చేతులు కదిలించబాకండి."

యుద్ధం అయిపోయేదాకా తిరుపతిలో రాణి హేమవతి చావలేదు. ఎవరూ చావని విషాద నాటకాన్ని చూడడానికి చంద్రగిరి నుంచి, రేణిగుంట నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. అంతా అయిపోయాక ఒకనాటి మధ్యాహ్నం ధనంజయ రైలు దిగాడు. చిక్కి సగమై, తల్లికే గుర్తు పట్టరానంత గడ్డంతో. బర్మాలో వాడికి తినడానికి ఏమైనా దొరికిందా అని కోదండం అడిగితే, "ఇడ్లీ దొరకలేదు మామా," అన్నాడు. దానికి అర్థం చెప్పవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

తరువాతి జాతరకు రాజారత్నం కోదండం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇప్పుడన్నా రాణిని సావనిస్తావా అప్పా? పాపం వరదయ్యకు వయసయిపోతా ఉండాది."

కోదండం తటపటాయించాడు. ఊదుగొట్టం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. చెంగమ్మ వచ్చి దాన్ని లాక్కుంది.

"ఇట్లియ్యన్నా, నేనూదుతా. ఉత్త దీపమే గదా."

ఇడ్లీ పొయ్యి దగ్గర ఆరితేరిన ఊపిరి అది. దీపం ఆరడమే కాదు, వరదయ్య సవరం కూడా ఎగిరింది. ఇన్నేళ్ళకు తన చావు తనకు దక్కిన ఆనందంతో వరదయ్య ఎంత గొప్పగా చచ్చాడంటే, ముందు వరసలో ధనంజయ లేచి నిలబడి ఈల వేశాడు.

నాటకం సామాను సర్దాక కోదండం ఆ తూగుదీపాన్ని ఇంటికి తెచ్చాడు. పీట వేసుకుని ఎక్కి, నడవలో కొక్కేనికి గొలుసు తగిలించి, నూనె పోసి వెలిగించాడు. వంటింట్లోంచి వనజాక్షి చూస్తూ నిలబడింది. ఈసారి ఏదో ఒకటి చెప్తాడని కాచుకుంది.

ఆయన పీట దిగి, గొంతు సవరించుకున్నాడు. "ఈడ సీకటిగా ఉంటాది. నువ్వు తట్టుకోని పడతావని పెట్టినా. ఉత్త దీపమే."

"ఉత్త దీపం కాదు లెండి," అంది వనజాక్షి.

కోదండం గిర్రున తిరిగాడు. కళ్ళు మెరిశాయి. "కాదా? మరి ఏమిటికి గుర్తు? సెప్పు, సెప్పు!"

"సెప్పను," అని ఆమె ఊదుగొట్టం తీసుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

ఆయన బతికినంత కాలం దాని అర్థం అడుగుతూనే ఉన్నాడు.